తొక్కడానికే చేసిన గడప

తేదీ: 2025 ఫిబ్రవరి 22, శనివారం మధ్యాహ్నం. స్థలం: సన్నీవేల్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి గరాజు. హాజరైనవారు: లక్ష్మీపతి అనే నేను, మా మేనమామ కూతురు ఉజ్వల, ఆమె భర్త రాజీవ్, రాజీవ్ తల్లి రాజేశ్వరమ్మగారు. పరిశీలనకు పెట్టిన వస్తువు: మంచు మీద జారడానికి ఇంట్లో తయారుచేసిన స్కీ ఒకటి, ఎడమకాలికి వేసుకున్నది, నడిమికి విరిగినది.

ఇంతవరకు రాసి కలం ఆపానో లేదో, రాజీవ్ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏంటన్నయ్యా, పంచనామా రాస్తున్నావా? మా ఆఫీస్‌లో దీన్ని రూట్ కాజ్ అనాలిసిస్ అంటాం. ప్రొడక్షన్‌లో ఏదైనా పేలితే అందరం కూర్చుని ఎవడి మీద తోసేయాలో డిసైడ్ చేస్తాం."

"ఇక్కడ ఎవరి మీదా తోయడం లేదు. నాకు కారణం కావాలి."

"పంచనామా అంటే అయిదుగురు ఉండాలి కదా? నలుగురమే ఉన్నాం."

మోకాలికి పట్టీ వేసుకుని స్టూలు మీద కూర్చున్న ఉజ్వల, గోడకు ఆనించి ఉన్న రెండో స్కీ వైపు గడ్డం చూపింది. "అదిగో అయిదో మనిషి. అది విరగలేదు కాబట్టి నిలబడి సాక్ష్యం చెప్తుంది."

తల్లీకొడుకులు నవ్వారు. నేను నవ్వగల స్థితిలో లేను.

నా స్థితి ఏమిటో చెప్పాలి. 'వంపు' అనే పేరుతో నేనొక ప్రోగ్రామ్ రాశాను. ఇంట్లోనే స్కీలూ స్నోబోర్డులూ తయారుచేసుకునేవారి కోసం రాసినది. మనిషి బరువు, ఎత్తు, దిగబోయే మంచు మెత్తనో గట్టిదో, వాడబోయే చెక్క ఏ జాతిదో చెబితే, స్కీ ఎంత పొడవుండాలి, పక్కల కోత ఎంత ఉండాలి, లోపలి చెక్క ముక్కు నుంచి తోక దాకా ఎక్కడ ఎంత మందం ఉండాలి అన్నది లెక్కగట్టి, నిలువెత్తు నమూనా కాగితం, చేయవలసిన పనుల వరస అచ్చువేసి ఇస్తుంది. స్కీ మీద మనిషి నిలబడితే అది ఎలా వంగుతుందో తెరమీద ఒక గీతగా చూపిస్తుంది. భరించగలిగితే గీత ఆకుపచ్చగా ఉంటుంది, భరించలేకపోతే ఎర్రబడుతుంది. విశ్వవిద్యాలయంలో నేను చదువుకున్నది దూలాల వంపు శాస్త్రమే. స్కీ కూడా ఒక దూలమే, కాకపోతే కదులుతుంది. ఉద్యోగం ఇంట్లోంచే కనుక, మనుషులతో పనిపడని సాయంత్రాలన్నీ ఏళ్ల తరబడి దీనికే ఇచ్చాను. డబ్బు తీసుకోకుండా, కావలసినవారు దించుకోవడానికి వీలుగా నెట్‌లో పెట్టాను.

నేను మాత్రం మంచు మీద ఒక్కసారీ కాలు పెట్టలేదు. చలి నాకు పడదు. జనం అసలే పడరు. ఈతరానివాడు నావకు లెక్కలు కట్టినట్టుందని ఉజ్వల ఎప్పుడూ అంటుంది.

అలా అంటూనే ఆమె కిందటి శరత్కాలంలో నా దగ్గరికి వచ్చింది. నడివయసులో స్కీయింగ్ నేర్చుకున్న మనిషి. పొట్టి, పిట్టంత బరువు. అద్దెకిచ్చే స్కీలు ఆమె బరువుకు వంగవు. వంగని స్కీ మలుపు తిరగదు. "నా బరువుకి వంగేవి నాకు చేసిపెట్టు బావా, నీ ప్రోగ్రామ్‌కి నేనే గినీ పిగ్‌ని," అంది. శీతాకాలమంతా శనాదివారాలు శాంటా క్లారా నుంచి వచ్చి ఈ గరాజులోనే చిత్రిక పట్టింది. నా లెక్కలోంచి పుట్టి, నా కళ్లముందు తయారైన మొదటి జత అది.

గత ఆదివారం టాహో కొండల్లో, మొదటి వాలు దిగుతూ రెండో మలుపు తీసుకోబోతుండగా ఎడమ స్కీ అడుగుపొర ఊడి, చెక్క పెళ్లున విరిగింది. ఆమె మోకాలు వాచింది. ఇంకా వేగంలో ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడం నాకిష్టం లేదు.

అప్పటినుంచి వారమంతా నేను చేసిన పని ఒక్కటే: నా తప్పు వెతకడం. సమీకరణాలన్నీ తిరిగి చేత్తో కట్టాను. చెక్క బలాన్ని కావాలని తగ్గించి చూశాను. బరువు పెంచి చూశాను. గీత ఆకుపచ్చగానే ఉంది. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. తప్పుందని తెలిసి అది దొరకకపోవడమంత విసుగు మరొకటి ఉండదు. గురువారానికల్లా ఆ ఆకుపచ్చ గీత నన్ను వెక్కిరిస్తున్నట్టే అనిపించి తెర ఆర్పేశాను.

ఇది నా ఒక్కడి విసుగైతే ఎవరినీ పిలిచేవాణ్ణి కాదు. ట్రకీ ఊళ్లో మనీషా అనే అమ్మాయి ఇదే 'వంపు'తో తనకొక స్నోబోర్డు తయారుచేసుకుంది. నేనామెను చూడలేదు, ఫోన్‌లో పరిచయం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆదివారం పొద్దున్నే ఆ బోర్డెక్కి దిగబోతోంది. తప్పు నా ప్రోగ్రామ్‌లో ఉంటే ఆమె ఆగిపోవాలి, నేను ప్రోగ్రామ్‌ను తీసేయాలి. తప్పు మరెక్కడైనా ఉంటే అది ఎక్కడో ఈ సాయంత్రంలోగా తేలాలి.

ఫోన్ మోగింది. ఆమే. స్పీకర్‌లో పెట్టాను.

"అంకుల్, యస్ ఆర్ నో చెప్పండి. నేను బోర్డ్‌కి వ్యాక్స్ పెట్టుకోవాలి."

"సాయంత్రానికి చెబుతానమ్మా."

"ఈవెనింగ్ అంటే ఎంత ఈవెనింగ్? మీరు వీకంతా సాయంత్రం సాయంత్రం అంటున్నారు."

"తేలగానే చెబుతాను. అందాకా దాన్ని కాలికి కట్టకు."

"ఓకే, బట్ రేపు బ్లూ స్కై డే అంకుల్. జస్ట్ సేయింగ్." ఫోన్ పెట్టేసింది.

"పిల్ల నీకంటే నయం," అంది ఉజ్వల. "కనీసం ఆకాశం చూస్తుంది."

నేను విరిగిన స్కీని బల్లకు బిగించాను. ఇంతవరకు విరిగిన చోటునే చూశాను. ఇప్పుడు పొరల్ని విడదీయదలిచాను. స్కీ నిర్మాణం పొరల మీద పొరలు: అడుగున ప్లాస్టిక్, దానిమీద గాజునార గుడ్డ, ఆపైన చెక్క, మళ్లీ గాజునార, పైన ముఖపు పొర. ప్రెస్‌లో బిగించి నొక్కితే అన్నింటినీ ఎపాక్సీ జిగురు పట్టి ఉంచుతుంది. ఉలి కొసను చెక్కకూ అడుగు గాజునారకూ మధ్య పెట్టి మెల్లగా నొక్కాను. సుత్తి దెబ్బలు అవసరమవుతాయనుకున్నాను. కాని అరటిపండు తొక్కలా ఊడి వచ్చింది. ముక్కు వైపూ తోక వైపూ పొర గట్టిగానే పట్టుకుని ఉంది; పాదం ఆనే భాగమంతా నున్నగా విడిపోయింది. అంటే చెక్క విరిగిపోవడంవల్ల పొర ఊడలేదు. పొర ఊడిపోవడంవల్ల ఒంటరిదైన చెక్క విరిగింది.

విడిపోయిన మేర అంతటా ఒక ఎర్రటి చార ఉంది.

"తుప్పేమో," అన్నాడు రాజీవ్.

"ఉక్కు అంచులు పక్కన ఉన్నాయి. మధ్యలో తుప్పుపట్టే వస్తువేదీ లేదు."

"జిగురే అలా అయిందేమో బావా."

"ఈ జిగురు పాతబడితే పచ్చబడుతుంది. ఎర్రబడదు."

మడత కుర్చీలో కూర్చుని దీపానికి ఒత్తులు చేసుకుంటున్న రాజేశ్వరమ్మగారు ముందుకు వంగి చూశారు.

"తుప్పేంటయ్యా, చదువుకున్నోళ్లు! పారాణి రంగది. పసుపుకి సున్నం తగిల్తే..."

అక్కడితో ఆగిపోయారు. చేతిలోని ఒత్తి కూడా సగంలో ఆగింది.

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఎపాక్సీలో రెండు సీసాల ద్రవాలు కలుపుతారు. రెండోదానికి సున్నంలాంటి క్షారగుణమే ఉంటుంది. అది తగిలితే పసుపు ఎర్రబడక తప్పదు. శాస్త్రం అంతవరకు చక్కగానే ఉంది.

"పిన్నిగారూ, ఈ చెక్క మీదికి పసుపెలా వచ్చింది?"

రాజీవ్ గరాజు పైకప్పును పరిశీలించసాగాడు. ఉజ్వల మోకాలి పట్టీ సర్దుకుంది. తర్వాత, "అత్తయ్యా, చెప్పేయండి. ఇంక దాచి లాభం లేదు," అంది.

"దాచడానికి నేనేం దొంగతనం చేశానా?" అన్నారు రాజేశ్వరమ్మగారు. "ఆ రోజు బల్లమీద రెండు చెక్కలూ పక్కపక్కన పడున్నాయి. బారుగా, నున్నగా, అచ్చం కొత్తింటికి తెచ్చిన గడపల్లాగా. గడపని తొక్కకూడదంటారా? ఇది తొక్కడానికే చేసిన గడపాయె. పిల్ల దానిమీద నిలబడి కొండ దిగుద్ది. ముందే కాలు మోపే చోట కాస్త పసుపు రాసి, తప్పు కాయమని దణ్ణం పెట్టుకోవద్దా?"

"పసుపు దేనిలో కలిపారు?"

"నువ్వుల నూనెలో. ఉత్తి నీళ్లల్లో కలిపితే చెక్కకి పడుతుందా?"

నూనె! నా గొంతు పెరిగింది. "నేను దాన్ని స్పిరిట్‌తో తుడిచి పెట్టాను! వేలిముద్ర కూడా పడకూడదని గ్లవ్స్ వేసుకుని తుడిచాను! జిగురుకు నూనెను మించిన శత్రువు లేదు పిన్నిగారూ!"

"అది నాతో చెప్పావా?"

"మరి నాకెందుకు కనబడలేదు?"

"నువ్వు ఇదిగో ఇట్టా అరుస్తావనే కొంగుతో తుడిచేశా. రంగు పోయింది, పుణ్యం ఉంది అనుకున్నా."

"నువ్వు జిగురు కలుపుతుంటే చెక్కల్ని తిరగేసి గాజు గుడ్డ మీద పెట్టింది నేనే బావా," అంది ఉజ్వల, నా వైపు చూడకుండా. "కొంచెం పచ్చగా కనిపించింది. ఆ చెక్కే పచ్చన కదా అని ఊరుకున్నాను. అత్తయ్య ముచ్చటపడ్డారు, నీకు చెబితే చెక్క మళ్లీ మొదటినుంచి కోయమంటావు."

"అనేవాణ్ణే!"

"అందుకే చెప్పలేదు."

రాజీవ్ గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, ఎనీవే, రూట్ కాజ్ దొరికింది కదా. క్లోజ్ చేసేద్దాం."

నేనూ కలం అందుకున్నాను. వారం రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. 'కారణం: చెక్కకు నూనె' అని రాశాను.

"అట్టా ఎట్టా రాస్తావు?" అన్నారు రాజేశ్వరమ్మగారు. "నేను రాసింది రెండిటికీ. ఒకటే ఎందుకు విరిగింది? అదిగో, గోడకి రెండోది రాయల్లే నుంచుంది. పసుపే తప్పయితే అది కూడా ఊడాలిగా? నీ లెక్క తప్పై ఉంటుంది. నా మీద తోస్తన్నావు."

"అమ్మా!" అన్నాడు రాజీవ్.

"నువ్వాగరా. నేనడిగిందాంట్లో తప్పుంటే చెప్పు లక్ష్మీపతీ."

తప్పు లేదు. అదే నా బాధ. నాకు ఉపయోగపడే సమాధానం దొరకగానే నేను వెతకడం మానేశాను, ఆవిడ మానలేదు. రెండింటికీ ఒకే నూనె, ఒకే జిగురు, ఒకే ప్రెస్. ఒకటి విరిగి ఒకటి నిలిచిందంటే, నూనె కారణం కాకపోవచ్చు. అప్పుడు మిగిలేది నా ప్రోగ్రామ్. తేల్చే మార్గం ఒక్కటే. గోడ వైపు చూశాను.

నా చూపు ఉజ్వలకు అందింది. "వద్దు బావా."

"లోపల చూడకపోతే తేలదు."

"అది బాగుంది! ఇంకొకటి చేసుకుంటే నాకు జత అవుతుంది. చలికాలమంతా చేతులు బొబ్బలెక్కించుకుని చేశాను. నీకేం, నువ్వు తెర ముందు కూర్చున్నావు. నీ ప్రోగ్రామ్‌కి సర్టిఫికెట్ కోసం నా స్కీ కోస్తావా?"

"సర్టిఫికెట్ కోసం కాదు. ఆ పిల్ల రేపు పొద్దున దిగుతుంది."

"దిగొద్దని చెప్పు. సింపుల్."

"రేపు వద్దంటాను. వచ్చేవారం? ఆ తర్వాత? ఇంకెవరో దించుకున్నవాళ్లకు? ఏం తెలిసిందని చెప్పమంటావు?"

ఆమె స్టూలు మీంచి లేచింది. అప్పుడు కుంటుకుంటూ వెళ్లి ఆ స్కీని తెచ్చి బల్లమీద పెట్టింది. ఉక్కు అంచులున్నాయి కనుక నేను ఇనుము కోసే రంపం తీశాను. ఆమె దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"నాది నేనే కోసుకుంటాను. నువ్వు కోస్తే వంకరగా కోస్తావు."

రంపం అంచును పట్టి కీచుమంది. రాజేశ్వరమ్మగారు చెవులు మూసుకున్నారు. రాజీవ్ రెండో కొస పట్టుకున్నాడు. అయిదో సాక్షి రెండు ముక్కలైంది.

కోసిన ముఖాన్ని దీపం కిందికి తెచ్చాను. అడుగు గాజునారకూ చెక్కకూ నడుమ, వెంట్రుకంత సన్నగా, ఎర్రటి గీత. ఉజ్వల ఆ గీతలో గోరు పెట్టింది. గోరు లోపలికి పోయింది. పొర మెల్లగా పైకి లేచింది, విరిగినదానిలాగే, అదే చోట, అంతే నున్నగా. ముక్కు దగ్గర పసుపు తగలని చోట ఉలి దించితే మాత్రం గాజునార చెక్కపీచును కూడా చీల్చుకుని వచ్చింది. జిగురు పట్టవలసిన చోట పట్టింది. ఇదీ ఊడబోతున్నదే, ఎడమకాలి మలుపు ముందు వచ్చింది, అంతే. ఇంకో వాలు దిగి ఉంటే రెండోది విరిగేది.

రాజేశ్వరమ్మగారు లేచి వచ్చి ఆ గీతను వేలితో తడిమారు. ముఖం పాలిపోయింది. కోడలి మోకాలి వైపు ఒకసారి చూసి, మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

నేను మనీషాకు ఫోన్ చేశాను.

"నీ చెక్కకు జిగురు పట్టించేముందు నూనెగాని, పసుపుగాని రాశావా అమ్మా?"

"పసుపా? లైక్, పప్పులో వేసేదా? నా బోర్డ్‌కి పసుపెందుకు వేస్తాను అంకుల్? ఆర్ యూ ఓకే?"

"మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా?"

"నాకు రూమ్మేట్ ఉంది, తనకి పసుపంటే ఏంటో తెలీదు. ఆల్కహాల్‌తో వైప్ చేశాను, డైరెక్ట్‌గా గ్లూ వేశాను. మీ షీట్‌లో అలాగే ఉంది కదా."

"అయితే వెళ్లమ్మా. మొదట చిన్న వాలు మీద దిగి చూసుకో."

"యెస్! థాంక్యూ అంకుల్!"

ఫోన్ ఆగిపోయింది. గురువారం ఆర్పేసిన తెరను మళ్లీ వెలిగించాను. తెరమీద ఆకుపచ్చ గీత ఎప్పటిలాగే వంగి ఉంది. మొదటినుంచీ అది నిజమే చెబుతోంది.

"నా స్కీలు రెండూ పోయాయి, నీ ప్రోగ్రామ్ పాసయింది," అంది ఉజ్వల. "కంగ్రాట్స్ బావా."

ఇంతకాలం నేను కోరుకున్నది ఇదే. లెక్క సరైనదని సాక్షుల ముందు తేలడం. తేలింది. తేలినదాన్ని కాళ్లకు కట్టుకుని ఆమె కొండ దిగలేదు కదా. మిగిలిన చలికాలమంతా మళ్లీ ఆ అద్దె స్కీలే.

కారణం రాయడం పూర్తిచేసి కాగితాన్ని రాజేశ్వరమ్మగారి ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు.

"ఇందులో ఒకటి తక్కువైంది."

"ఏమిటి?"

"ఆ రోజు నువ్వు చెక్క తుడిచి, జిగురు కలపకుండా ఎక్కడికి పోయావు?"

"నమూనా కాగితం సరిచూడడానికి. ప్రతిదీ రెండుసార్లు అచ్చువేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుగులో పోల్చి చూస్తాను. ప్రింటర్ ఒక్కోసారి పొడవు తగ్గిస్తుంది."

"తుడవకముందే చూసుకోవచ్చుగా? ఎంతసేపు చూశావో తెలుసా? అన్నం వండి, కూర వండి, మళ్లీ వచ్చా. నువ్వింకా కిటికీకి కాగితాలు అంటించుకునే ఉన్నావు. చెక్కలు ఖాళీగా పడున్నాయి. ఖాళీగా ఉన్న గడపని చూస్తా ఊరుకుంటానా? అది కూడా రాయి."

"తనిఖీ చేయడం తప్పెలా అవుతుంది పిన్నిగారూ?"

"తప్పని రాయమన్లా. చూస్తా కూర్చున్నావని రాయి. అప్పుడు సంతకం పెడతా."

ఉజ్వల పెదవి కొరికి నవ్వాపుకుంది. ఆ వారంలో ఆమె ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఈ గరాజులో వంపు పరీక్షలకని నేను తుడిచి వదిలిన చెక్కముక్క మర్నాటికీ తుడిచినట్టే ఉండేది. మధ్యలో వచ్చి చేయి వేసే మనిషి లేడు. 'వంపు' ఇచ్చే పనుల వరసలో తుడవడానికీ జిగురుకూ మధ్య విరామం ఉండకూడదన్న మాట ఎక్కడా లేదు. మనీషా ఒక్కతే చేసుకుంది కాబట్టి ఆ లోటు ఆమెకు తగలలేదు. నలుగురున్న ఇంట్లో మొదటిరోజే తగిలింది.

రాశాను. 'చెక్కను తుడిచిన పిమ్మట లక్ష్మీపతి కాగితాలు సరిచూచుచు చాలాసేపు జాగుచేసెను' అని, అవసరానికి మించిన గ్రాంథికంలో రాశాను. నా కోపానికి అంతకన్నా దారి కనబడలేదు. ఆవిడ మళ్లీ చదివి, తలాడించారు.

"ఇంకోటి. ఈసారి పసుపెక్కడ పెట్టాలో నీ మిషనే చెప్పాలి. పెట్టొద్దంటే మాత్రం కుదరదు."

"పెట్టకపోతే ఏమవుతుంది పిన్నిగారూ?"

"పెడితే ఏమవుతుందో చూశాంగా. పెట్టకపోతే ఏమవుతుందో నీకు తెలుసా?"

"అన్నయ్యా, ఫీచర్ రిక్వెస్ట్," అన్నాడు రాజీవ్. "ఒప్పేసుకో. మా అమ్మ ఎస్కలేట్ చేస్తుంది."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పనుల వరసలో కాగితాల తనిఖీని ముందుకు జరిపాను. తుడవగానే జిగురు, మధ్యలో ఎవరూ ముట్టుకోరాదు అని చేర్చాను. తర్వాత నమూనా బొమ్మలో, స్కీ ముక్కున, పైపొర మీద, ఒక చిన్న వృత్తం గీసి, 'ప్రెస్‌లోంచి తీశాక, ఇక్కడ' అని రాశాను. ఆ ప్రోగ్రామ్‌లో ప్రతి గీత వెనుకా ఒక సమీకరణం ఉంది. ఈ వృత్తం వెనుక ఏమీ లేదు. దాని వ్యాసం ఎంతుండాలో కూడా నాకు తెలియక ఆవిణ్ణే అడగవలసివచ్చింది.

"బొటనవేలంత," అన్నారు రాజేశ్వరమ్మగారు, వేలు చూపిస్తూ.

గీత ఆకుపచ్చగానే ఉంది.

అప్పుడు సంతకాలు. రాజేశ్వరమ్మగారు పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం దిద్ది రాశారు. రాజీవ్ చెక్కుమీద పెట్టే మెలిక సంతకం గీశాడు. ఉజ్వల పొడి అక్షరాల్లో పేరు రాసి, దానికింద 'స్కీలు లేని మనిషి' అని చేర్చింది, కొట్టేయమంటే కొట్టేయలేదు. అన్నింటికన్నా కింద నేను సంతకం చేశాను. అయిదో సాక్షి పేరుకోసం వదిలిన గీత ఖాళీగానే ఉండిపోయింది.

కాగితాన్ని మూడు మడతలు పెట్టాను. ఉజ్వల స్కీల నమూనా కాగితం చుట్టిపెట్టిన అట్టగొట్టంలోకి దాన్ని తోసి, మూత బిగించి, రంగు డబ్బాల వెనుక పై అరలో పెట్టాను.